ఆది జాకెట్టు

గుణుపురం పోస్టాఫీసులో మూడో కిటికీ ముందు
నేను. నా వెనక పింఛను పుస్తకాల వరస.
పాణిగ్రాహి బాబు ఒక ఫారం ఇవతలికి తోశాడు.
పైన ఒడియా, కింద హిందీ, పక్కన ఇంగ్లీషు.
నాకొచ్చిన తెలుగు అందులో ఎక్కడా లేదు.
నా దగ్గరున్న రాతసామాను
చెవి మీది సుద్దముక్క ఒక్కటే.

ఆయనే పెన్ను తీశాడు.
ఒడియాలో అడుగుతాడు, తెలుగులో చెబుతాను,
ఈ ఊళ్ళో బేరాలన్నీ ఇలాగే కదా.

ఎవరు పంపారు?
పున్నమ్మ. సూరత్తులో చీరల మిల్లు, దారాలు కత్తిరించే పని.
ఎవరికి?
నాకే. బోయిన నీలాచలం, టైలరు, రైలు గేటు పక్కన.
ఏం పోయింది?
ఆది జాకెట్టు.

పెన్ను ఆగింది.
"ఆది అంటే మొదలు కదా" అన్నాడు. వాళ్ళ భాషలోనూ ఉంది ఆ మాట.
మొదలే బాబూ.
దాన్ని పరుచుకునే మిగతావన్నీ కత్తిరిస్తాం.

కొత్తదా?
పాతదే. చంకల్లో వెలిసింది.
వెల?

గుడ్డ ఎనభై సెంటీమీటర్లు, లైనింగు, ఆరు హుక్కులు,
అప్పటి నా కుట్టుకూలి నలభై.
పదకొండేళ్ళ ఉతుకుల్లో ఎంత అరిగిందో
దాన్ని ఇందులోంచి తీసెయ్యాలా, కలపాలా?
పాణిగ్రాహి బాబు తల ఎత్తకుండా
నూరు అని రాశాడు.
"అంతకు మించి రాసినా రాదులే."

తరవాత రసీదు జిరాక్సు. పంపినామె ఒప్పుకోలు కాగితం. ఆధారు.
బరంపురం నుంచి ఒక ప్రశ్న, బరంపురానికి ఒక జవాబు.
వంశధారకి రెండుసార్లు ఎర్రనీళ్ళు వచ్చి పోయాయి.

ఈలోగా ఫోను చేశాను.
"పోయిందంతన్నారు. నోటితో సెప్పీ, రాసుకుంతాను."
చాలాసేపు మిల్లు మోతే వినబడింది.
"పాత కొలతలే నీలాచలం బావా.
ఏటీ మారనేదు."
ముప్పై నాలుగు. నడుం ముప్పై. చెయ్యి పది.
మూడు కుట్టి పంపాను.
"సరిపోనాయి" అంది.
ఎప్పుడూ ఏదో వంక పెట్టే మనిషి,
మెడ దిగిందనో, చెయ్యి బిగిసిందనో.
ఈసారి ఒక్క మాటే.
నేను పొంగిపోయాను కూడా.

కార్తీకంలో నూరు రూపాయలు వచ్చాయి.
రెండు చోట్ల సంతకం పెట్టి తీసుకుని
నల్లదారం ఉండలు కొన్నాను.

పుష్యంలో పార్శిలు వచ్చింది.
ఏ ఊళ్ళు చూసిందో, ముద్ర మీద ముద్ర,
నా పేరులో సగం నానిపోయి నీలా మాత్రం మిగిలింది.
"సరుకు దొరికితే డబ్బు వెనక్కి కట్టాలి" అన్నాడు పాణిగ్రాహి బాబు,
ఆయనకే సిగ్గుగా ఉంది.
"నా ఎదురుగా విప్పు. చెడిందో లేదో రాయాలి."

బట్టసంచి మూతి ఆమె చేతికుట్టే. వంకరటింకర.
బ్లేడుతో తెంపాను.
ఉత్తరం లేదు.
ఆకుపచ్చ జాకెట్టు, నేను కుట్టిందే.
కుడివైపు నేను కుట్టినట్టే ఉంది.
ఎడమవైపు
కుట్లన్నీ విప్పేసి, డాట్లు తీసేసి,
గుడ్డని పలకలా చదును చేసి
చంక దాకా మళ్ళీ కుట్టుకుంది.

వెనక వరసలో ఎవరో దగ్గారు.

నేను పంపిన మూడూ కళ్ళ ముందుకొచ్చాయి.
రెండు వైపులా సమానం, దారం వాసి తేడా లేదు.
సరిపోనాయి.
లోపల ఏ పాతగుడ్డ కుక్కుకుని అందో ఆ మాట.

పాణిగ్రాహి బాబు కిటికీలోంచి వంగి చూశాడు.
"అయ్యో, ఈ పక్కంతా పాడైపోయింది.
నష్టానికి వేరే ఫారం ఉంది, ఇవ్వనా?"

వద్దు బాబూ.
అది కొలత.

చెడలేదు అని రాయించి కింద తెలుగులో సంతకం పెట్టాను.
నూరుకి మూడు రూపాయలు తక్కువైతే
పింఛను వరసలోని ముసలాయన ఇచ్చాడు, ఎందుకని అడగలేదు.
గేటు వేశారు, పాసింజరు వస్తోంది.
అవతలివైపు నా కొట్టు.
సుద్దముక్క కోసం చెవి తడుముకుంటూ
నిలబడ్డాను.